బెట్సీ తుడిచిన తలుపు

స్కూలు ఆటో సందు మొదట్లో ఆగగానే త్రివేణి బ్యాగు భుజాన వేసుకుని ఇంటికి పరుగెత్తింది. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. గేటు తోసి చూస్తే వాకిట్లో అడుగు పెట్టడానికి చోటు లేదు.

ఎక్కడ చూసినా తలుపులే. ఇటుకల మీద వరసగా పడుకోబెట్టిన కప్‌బోర్డు తలుపులు, పెద్దవీ చిన్నవీ కలిపి పద్నాలుగు. అన్నీ బెట్సీ వాళ్ళ వంటింటివి.

వాటి మధ్యలో, పీట మీద, బెట్సీ కూర్చుని ఉంది.

బెట్సీ, త్రివేణి ఒకే క్లాసు. ఐదో తరగతి. ఇల్లు కూడా మూడిళ్ళ అవతలే. బెట్సీ వాళ్ళ నాన్న అగస్టిన్ సార్ ఆ స్కూల్లోనే టీచరు. అందుకని స్కూటర్ మీద అరగంట ముందే ఇంటికి వచ్చేస్తుంది. వచ్చి, ఇంత తిని, త్రివేణి వాళ్ళ వాకిట్లో, త్రివేణి వాళ్ళ పీట మీద, త్రివేణి వాళ్ళ నాన్న పక్కన కూర్చుంటుంది. మూడు రోజుల నుంచీ ఇదే వరస.

"పూయడం ఎవరైనా పూత్తారమ్మా" అంటున్నాడు నాన్న బెట్సీతో. "తుడవడంలోనే ఉంది పనంతా. తొందరపడితే మొత్తం వచ్చేత్తాది. ఆలస్యం సేత్తే పట్టేసి మరి కదలదు."

త్రివేణి వాళ్ళ నాన్న గౌరీశంకర్ లారీల కార్ఖానాలో కాంట్రాక్టు పెయింటరు. అక్కడి పెయింట్ బూత్‌లో లారీల ముందు భాగాలకి రంగు కొడతాడు. మధ్యాహ్నానికి షిఫ్టు అయ్యాక ఇళ్ళకి సున్నాలూ, కిటికీ ఊచలకి రంగులూ వేస్తాడు. ఈ గ్లేజ్ పని మాత్రం ఆయనకి కొత్త. ఫోన్లో చూసి, ప్లైవుడ్ ముక్కల మీద మూడు నెలలు చేసి చేసి నేర్చుకున్నాడు.

గ్లేజ్ అంటే బ్రహ్మవిద్యేం కాదు లెండి. పాత తలుపుని రేగ్‌మాల్ అనే గరుకు కాగితంతో గరగరా రుద్ది, క్రీమ్ రంగు వేస్తారు. అది బాగా ఆరాక, పైన కాఫీ రంగు పలచటి పూత పూస్తారు. రెండు మూడు నిమిషాలు ఆగి, తడిగుడ్డతో తుడిచేస్తారు. పైపైన ఉన్నదంతా గుడ్డకి అంటుకుపోతుంది. చెక్కిన గీతల్లోనూ అంచుల్లోనూ మాత్రం ఆ కాఫీ రంగు నిలిచిపోతుంది. అంతవరకూ కనపడని పువ్వులూ తీగలూ అప్పుడు లేచి కనిపిస్తాయి. ఆఖర్న వార్నిష్ వేస్తే పని పూర్తి.

బెట్సీ ముందు అన్నిటికన్నా చిన్న తలుపు ఉంది. మసాలా డబ్బాలు పెట్టుకునే అరది. దాని మధ్యలో ఒక ద్రాక్షగుత్తి చెక్కి ఉంది. బెట్సీ గుడ్డని నాలుగు మడతలు పెట్టి, ఊపిరి బిగబట్టి, పైనుంచి కిందికి ఒక్కసారి లాగింది. గుడ్డ తిప్పింది. మళ్ళీ లాగింది. ఒక్కో ద్రాక్షపండూ గుండ్రంగా తేలింది.

నాన్న ముందుకి వంగి చూశాడు. "భలే. సెయ్యి సూడు ఎంత నెమ్మదో. మా బూత్‌లో పదేళ్ళ నుంచీ ఉన్నోళ్ళకి లేదు ఇలాంటి సెయ్యి."

అంతే. త్రివేణి ఆకలి చచ్చిపోయింది.

ఎందుకంటే పోయిన ఆదివారం ఇదే పీట మీద త్రివేణి కూర్చుంది. ఇదే గుడ్డతో ప్లైవుడ్ ముక్క తుడిచింది. గసగసా నాలుగు సార్లు రుద్దేసరికి ముక్క మొత్తం ఆవు నాకినట్టు అయింది. నాన్న నవ్వి, "నీ సెయ్యికి తొందరెక్కువే తల్లీ" అన్నాడు. అక్కడితో సరి. మళ్ళీ గుడ్డ ఇవ్వలేదు. త్రివేణి కూడా అడగలేదు. అడిగితే చులకన అయిపోనూ?

"ఏటే గుంటా, మూతి అలా ముడిసీసినావు?" గోడ వారగా ఎండలో కూర్చుని బటానీలు వలుస్తున్న నాన్నమ్మ అడిగింది. పేరు తవిటమ్మ. చూపు తగ్గింది గానీ మూతులు మాత్రం బాగానే కనపడతాయి ఆవిడకి.

"కుఛ్ నహీ" అంది త్రివేణి. ఆ హిందీ ఊళ్ళో పిల్లల నోట ముందు వచ్చేది హిందీయే. ఏమీ లేదట. ఆ ఏమీ లేనిది ముఖం నిండా ఉంది.

"వచ్చావా తల్లీ. సూడు, బెట్సీ ఎలా తుడిసిందో" అన్నాడు నాన్న సంబరంగా.

"చూశాను" అని, చూడకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

వంటింట్లోకి వెళ్తే కోపం ఇంకా పెరిగింది. వాళ్ళ వంటింట్లో సిమెంటు అరలు. వాటికి తలుపులు లేవు. అడ్డంగా తాడు కట్టి, అమ్మ పాత చీర ముక్క వేలాడదీసింది. నూనె మరకలు పడి ఆ చీర రంగేమిటో ఎవరూ చెప్పలేరు. త్రివేణి అన్నం పెట్టుకుంటూ ఆ తెరని ఒక్క గుంజు గుంజింది.

నాన్న మంచినీళ్ళకని లోపలికి వచ్చినప్పుడు అడిగేసింది. "బెట్సీ వాళ్ళకే ఎందుకు చెయ్యాలి? మనకెందుకు చెయ్యవు?"

"మనకి తలుపులెక్కడున్నాయే? సీరకి వేసీమంటావా గ్లేజ్?" అని నాన్న నవ్వాడు. బయట నాన్నమ్మ కూడా కిసుక్కుమంది. త్రివేణికి మాత్రం ఒళ్ళు మండింది.

నాన్న గ్లాసు పెట్టి, కాస్త గొంతు తగ్గించి చెప్పాడు. "ఆదివారం సాయంత్రం బెట్సీ వాళ్ళింట్లో ప్రార్థన కూటం ఉంది. నలభై మంది వత్తారు. సుకీర్తి చెల్లెమ్మ అందరికీ వంటిల్లు సూపిత్తానంది. ఈ పని కుదిరిందనుకో, నలుగురూ పిలుత్తారు. ఇంక సున్నాలు కొట్టుకుంటూ నిచ్చెనలు ఎక్కక్కర్లేదు నేను. తెలిసిందా?"

సుకీర్తి ఆంటీ అంటే బెట్సీ వాళ్ళ అమ్మ. త్రివేణి తల ఊపింది. తెలిసింది. కానీ చెవుల్లో ఇంకా ఒక్క మాటే తిరుగుతోంది. సెయ్యి సూడు ఎంత నెమ్మదో.

అసలు తనకి ఏం తక్కువైందని నాన్న అలా అన్నాడు? లెక్కల్లో తనే ఫస్టు. కబడ్డీలో తనే ఫస్టు. బెట్సీకి పరిగెత్తడం కూడా రాదు. అలాంటి బెట్సీ వచ్చి, తన నాన్న నోట్లోంచి ఆ 'భలే' ఎత్తుకుపోయింది. అది తనది. తన ఇంట్లోది.

మర్నాడు గురువారం. త్రివేణి స్కూలు నుంచి వచ్చేసరికి వాకిట్లో తలుపులున్నాయి గానీ నాన్న లేడు. ఓవర్‌టైం ఉందని, నాలుగింటికి గానీ రానని పొద్దున్నే చెప్పాడు. అమ్మ టెల్కో కాలనీలో ఒక స్కూల్లో ఆయా. ఆవిడ సాయంత్రం దాటితే గానీ రాదు. బెట్సీకి గురువారాలు కీబోర్డు క్లాసు. నాన్నమ్మ ఎండలో కుర్చీలో కూర్చుని, నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

త్రివేణి అన్నం తిని వాకిట్లోకి వచ్చింది. వచ్చి, చిన్న తలుపు ముందు నిలబడింది.

బాగుంది. అదే బాధ. బాగా లేకపోతే ఈ కథే లేదు. ద్రాక్షగుత్తి చేత్తో కోసుకోవచ్చేమో అన్నట్టుంది. పక్కనున్న నాన్న తలుపులకీ దీనికీ తేడా ఎవరూ చెప్పలేరు.

"కొంచెమే" అనుకుంది త్రివేణి. ఒక్క మూల కొంచెం చెరిపితే చాలు. నాన్న వచ్చి చూసి, ఇక్కడ సరిగ్గా రాలేదమ్మా అని బెట్సీతో అంటాడు. అంత అంటే చాలు తనకి.

గోడ పక్కన థిన్నర్ సీసా ఉంది. రంగు మరకలు పోవడానికి నాన్న దాంతోనే చేతులు తుడుచుకుంటాడు. త్రివేణి గుడ్డ కొసకి కాస్త థిన్నర్ వంపి, తలుపు మూల మీద ఒక్కసారి రుద్దింది.

కాఫీ రంగు పోయింది. దాంతో పాటు కింద క్రీమ్ రంగు కూడా జిగురు జిగురుగా ఊడి వచ్చింది. దాని కింద నుంచి చెక్క బయటపడింది.

త్రివేణి గబుక్కున గుడ్డ తీసేసింది. సరిచేద్దామని ఇంకాస్త రుద్దింది. మరక పెద్దదైంది. అంచులు సమానం చేద్దామని మళ్ళీ రుద్దింది. అరచేయంత అయింది. రెండు ద్రాక్షపళ్ళు మాయమైపోయాయి. గుడ్డ నీళ్ళ డ్రమ్ము వెనక పడేసి, చేతులు సబ్బుతో మూడు సార్లు కడుక్కుని, హోంవర్క్ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఒక్క అక్షరం కనపడితే ఒట్టు.

నాలుగింటికి నాన్న వచ్చాడు. సైకిల్ స్టాండు వేసిన చప్పుడు వినపడింది. తర్వాత ఆయన అడుగులు చిన్న తలుపు దగ్గర ఆగిపోయాయి.

"అమ్మా, ఇటెవరైనా వచ్చారా?" నాన్నమ్మని అడిగాడు.

"ఎవులొత్తార్రా. ఇక్కడే కూకున్నాను కదా నేను" అంది నాన్నమ్మ, నిద్రపోయిన సంగతి ఎగ్గొట్టి.

"త్రివేణీ."

వెళ్ళింది.

"ఈ తలుపు నువ్వు గానీ ముట్టుకున్నావేటమ్మా?"

నాన్న అరవలేదు. మామూలుగానే అడిగాడు. అప్పుడు చెప్పేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ నోటికి ఏది సులువో అదే వచ్చింది.

"లేదు నాన్నా."

నాన్న రెండోసారి అడగలేదు. కూతురు లేదంటే లేదు, అంతే ఆయనకి. మోకాళ్ళ మీద కూర్చుని ఆ మరకని వేలితో తడిమాడు. అప్పుడే బెట్సీ క్లాసు అయిపోయి వచ్చింది. తలుపు చూసి గేటు దగ్గరే ఆగిపోయింది.

"అంకుల్, నిన్న వెళ్ళేటప్పుడు ఎండిందో లేదో అని వేలితో ముట్టుకున్నాను" అంది. "దానివల్లే అయిందా?"

"వేలు పెడితే ఇలా అవదమ్మా."

"మరి నేను తుడవడం తప్పేమో."

"నీ తుడవడం తప్పు కాదు. పూత కలపడం నా తప్పు." నాన్న పక్క తలుపు మీద గోరుతో మెల్లగా గీకాడు. సన్నటి గీత పడింది. ఇంకో తలుపు మీద గీకాడు. అక్కడా పడింది. "ఈ చలికి పూత పట్టలేదు. ఒకటి ఊడిందంటే రేపు పొయ్యి సెగకి అన్నీ ఊడతాయి."

బెట్సీ కళ్ళ నిండా నీళ్ళు. తన వల్ల కాదని నాన్న ఎంత చెప్పినా వినలేదు. చున్నీతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. త్రివేణి గుమ్మం పట్టుకుని చూస్తూనే ఉంది. బెట్సీ ఏడిస్తే సంతోషంగా ఉంటుందనుకుంది. ఏదీ, ఆ సంతోషం రాలేదు.

నాన్న ఫోన్ తీసి సుకీర్తి ఆంటీకి చేశాడు. "చెల్లెమ్మా, గ్లేజ్ కుదరలేదు. ఏటీ అనుకోకు. రేపు అన్నీ రుద్దీసి ప్లెయిన్ క్రీమ్ వేసి ఇచ్చేత్తాను. ఆదివారానికి అందిత్తాను." అవతల ఆవిడ ఏదో మంచిగానే చెప్పినట్టుంది. నాన్న "అలాగే, అలాగే" అని పెట్టేశాడు.

ఆ తర్వాత ప్లైవుడ్ ముక్కలన్నీ పోగేసి గోనెసంచిలో వేశాడు. మూడు నెలల ముక్కలు. "పొయ్యిలోకి పనికొత్తాయమ్మా" అన్నాడు నాన్నమ్మతో. "నాకిది వచ్చే పని కాదులే. సున్నాలు కొట్టుకునేవాడు సున్నాలే కొట్టుకోవాలి."

నాన్న అలాంటి మాట అనడం త్రివేణి ఎప్పుడూ వినలేదు.

శుక్రవారం స్కూల్లో బెట్సీ టిఫిన్ డబ్బా తెరవలేదు. "ఏక్ బాత్ బోలూఁ, ఒక మాట చెప్పనా?" అని త్రివేణి చెవిలో అంది. "అంకుల్ నా మీద జాలితో అలా అన్నారు. నిజంగా నా వల్లే పోయింది. నాకు తెలుసు. నేనింక మీ ఇంటికి రాను."

మూడు రోజుల నుంచీ త్రివేణి కోరుకుంటున్నది సరిగ్గా ఇదే. బెట్సీ తమ వాకిట్లోకి రాకూడదని. ఇప్పుడు బెట్సీయే ఆ మాట అంటుంటే, తల ఎత్తలేక పరాఠా తింటూ కూర్చుంది.

ఆ రోజు ఆటో టైరు పంక్చరై దారిలో ఆగింది. త్రివేణి రోడ్డు పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కుంది. ఈపాటికి నాన్న వచ్చేసి ఉంటాడు. రేగ్‌మాల్ తీసి ఉంటాడు. "భయ్యా, జల్దీ" అని ఆటో అతన్ని పదిసార్లు తొందరపెట్టింది. చివరికి, పంక్చర్ వేసేదాకా ఆగలేక, తెలిసిన దారే కదా అని బ్యాగు పట్టుకుని పరుగు లంకించుకుంది.

సందులోకి తిరగగానే గరగర చప్పుడు వినపడింది.

నాన్న పెద్ద తలుపు మీద వంగి రేగ్‌మాల్‌తో రుద్దుతున్నాడు. మల్లెతీగ చెక్కిన తలుపు అది. దానికి ఆయన ఒక పూటంతా పట్టాడు. ఇప్పుడు గీతల్లో రంగు పోయి తీగ కనపడదు, ఆకులు కనపడవు. గోధుమరంగు పొడి నేల మీద కుప్పపడి ఉంది. నాన్న దాన్ని పక్కకి జరిపి, రెండో తలుపు ముందుకి లాక్కున్నాడు.

"నాన్నా, ఆగు."

ఆయన తలెత్తాడు. త్రివేణి రొప్పుతోంది.

"అది నేనే. థిన్నర్‌తో. నీ పూత మంచిదే నాన్నా. నేనే తుడిచేశాను."

నాన్నకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. త్రివేణి డ్రమ్ము వెనక్కి వెళ్ళి, దాచిన గుడ్డ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఎండి కర్రలా అయిపోయింది ఆ గుడ్డ. కాఫీ రంగు, క్రీమ్ రంగు రెండూ ఉన్నాయి దాని మీద.

"ఓలమ్మ, ఎంత పని సేసినావే" అని నాన్నమ్మ బుగ్గలు నొక్కుకుంది. నాన్న చెయ్యి ఎత్తి ఆవిడని ఆపాడు.

"ఎందుకు?" అన్నాడు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది. అయినా చెప్పింది. "నువ్వు బెట్సీని భలే అన్నావు. నన్నెప్పుడూ అనలేదు. నాకు కుళ్ళు వచ్చింది."

నాన్న బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఆయన చేతుల నిండా, కనుబొమ్మల మీద కూడా, ఆ గోధుమరంగు పొడే.

"నాకు ఈ పని రాదనుకున్నానే" అన్నాడు చివరికి. "నిన్న సాయంత్రం నుంచీ అదే అనుకుంటున్నాను. బూత్‌లో కూడా సెయ్యి ఆడలేదు నాకు."

ఆయన కొట్టి ఉంటే బాగుండేది. త్రివేణి ఏడ్చేసింది. ఎంతసేపని ఏడుస్తుంది? నాన్న ఏడవనిచ్చాడు. తర్వాత లేచి రేగ్‌మాల్ పక్కన పెట్టి, మిగిలిన తలుపులు లెక్కపెట్టుకున్నాడు. పన్నెండు బాగున్నాయి; గోరు గీతలంటారా, వార్నిష్ పడని పూత మీద అవి పడేవే. రెండు మళ్ళీ చెయ్యాలి.

"బెట్సీతో ఎవరు సెప్తారు?" అన్నాడు.

"నువ్వు చెప్పవా?"

"నేను సెప్పను."

మూడిళ్ళే అవతల. త్రివేణికి ఊరి కొసనున్న మాంగో వంతెన దాకా నడిచినట్టు అనిపించింది. బెట్సీ గుమ్మంలోనే ఎదురైంది. త్రివేణి ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆపితే మళ్ళీ నోరు పెగలదని తెలుసు.

బెట్సీ మొదట నమ్మలేదు. "సచ్చీ? నిజంగా?" అంది. త్రివేణి తల ఊపింది. బెట్సీ ముఖం ఎర్రబడిపోయింది.

"పొద్దున నేను నా వల్లే అని చెప్తుంటే విన్నావు కదా. నువ్వు పరాఠా తింటూ విన్నావు."

"సారీ."

"నిన్న కూడా నేను ఏడుస్తుంటే చూస్తూ నిలబడ్డావు."

బెట్సీ తలుపు వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కానీ శనివారం మధ్యాహ్నం వచ్చింది. త్రివేణితో మాట్లాడలేదు. "తలుపు ఎండిందా అంకుల్?" అని నాన్ననే అడిగింది. నాన్న శుక్రవారమే సుకీర్తి ఆంటీకి ఫోన్లో జరిగింది చెప్పి, రెండు తలుపులకీ మళ్ళీ క్రీమ్ రంగు వేసి ఉంచాడు. ఇప్పుడు గ్లేజ్ పూయడమే తరువాయి.

నాన్న గుడ్డ తడిపి, పిండి, మడతపెట్టి త్రివేణి వైపు చాపాడు. "రా. సిన్న తలుపు నువ్వు తుడువు. నెమ్మదిగా. నేను పక్కనుంటాను."

గుడ్డ త్రివేణి చేతిలోకి వచ్చింది. బెట్సీ చూపు తిప్పుకుంది. త్రివేణి ఆ గుడ్డ వైపు చూసింది. ఎంత ఆశపడింది దీనికోసం. నాన్న పూత పూయడం మొదలుపెట్టాడు. రెండు నిమిషాలు.

"అది బెట్సీ తలుపు నాన్నా" అంది త్రివేణి, గుడ్డ బెట్సీకి అందిస్తూ. "నేను గుడ్డలు పిండుతాను."

బెట్సీ ఒక్క క్షణం తటపటాయించింది. టైము మించిపోతోంది. గుడ్డ అందుకుని పీట మీద కూర్చుంది.

గుడ్డలు పిండడమంటే మాటలు కాదు. ఒక్క లాగుకి ఒక్క మడతే పనికొస్తుంది. నాలుగు లాగులకి గుడ్డ మార్చాలి. మాసిన గుడ్డని చల్లటి నీళ్ళలో ఉతికి, చుక్క కారకుండా పిండి, మళ్ళీ మడతపెట్టి చేతికందించాలి. నీళ్ళు ఎక్కువైతే పూత కారిపోతుంది. తక్కువైతే గీతలు పడతాయి. డిసెంబరు నీళ్ళకి త్రివేణి వేళ్ళు కొంకర్లు పోయాయి. గోళ్ళ సందుల్లో కాఫీ రంగు పట్టేసింది. నాన్న మల్లెతీగ తలుపు తుడుస్తుంటే ఆయనకీ తనే అందించింది. పని అయ్యేసరికి బకెట్టు నీళ్ళు ఆరు సార్లు మార్చింది.

ద్రాక్షగుత్తి మళ్ళీ వచ్చింది. మొదటిదానికన్నా బాగా వచ్చింది. త్రివేణి మనసులో ఏదో చురుక్కుమంది. కుళ్ళు ఒక్కరోజులో ఎక్కడికి పోతుంది చెప్పండి. కానీ ఈసారి తనే ముందుగా అంది. "బాగా వచ్చింది బెట్సీ."

బెట్సీ "ఊఁ" అంది. అంతే.

ఆదివారం పొద్దున్నే నాన్న వార్నిష్ వేసి, మధ్యాహ్నానికి తలుపులన్నీ బిగించేశాడు. ఇంకా పూర్తిగా ఆరలేదు కాబట్టి ఎవరూ ముట్టుకోకుండా చూడమని పిల్లలిద్దరినీ వంటింటి గుమ్మంలో కాపలా పెట్టాడు.

సాయంత్రం ప్రార్థన అయింది. పాటలు అయ్యాయి. కేకులూ టీలూ అందాయి. ఇంక ఆడవాళ్ళంతా వంటింటి మీద పడ్డారు. "ఇది మన పాత వంటిల్లేనా సుకీర్తీ?" అన్నారు. "ముట్టుకోకండి ఆంటీ, ముట్టుకోకండి" అని పిల్లలు ఒకటే గోల. ఈలోపు హాల్లో జగ్గారావు గారని ఒక పెద్దాయన నాన్న భుజం మీద చెయ్యి వేసి, "మా ఇంట్లో ఇరవై తలుపులున్నాయయ్యా. పండగ వెళ్ళాక వచ్చి చూస్తావా?" అని అడిగాడు. నాన్న "వత్తానండి" అన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు ఆయనకి. త్రివేణి గుమ్మంలోంచి అదంతా చూసింది.

కళ్ళజోడు ఆంటీ ఒకావిడ మసాలా అర ముందు వంగి నిలబడింది. "అన్నిట్లోకీ ఈ చిన్నది చూడండి, ఎంత ముద్దుగా ఉందో. ఎవరు చేశారిది?"

సుకీర్తి ఆంటీ వచ్చి ఇద్దరి తలల మీదా చేతులు వేసింది. ఆవిడకి అంతా తెలుసు. అయినా నవ్వుతూ అంది. "మా పిల్లలిద్దరూ కలిసి చేశారండి."

ఆంటీలందరూ ఇద్దరి వైపూ చూశారు. "ఔనా, భలే పిల్లలు" అన్నారు. ఊరుకుంటే సరిపోయేది. సగం 'భలే' ఊరికే వచ్చి ఒళ్ళో పడింది. కాదని ఎవరూ అనడం లేదు. బెట్సీ కూడా నేల చూస్తోంది.

"కాదాంటీ" అంది త్రివేణి. "ఆ తలుపు బెట్సీ ఒక్కతే తుడిచింది. రెండుసార్లు తుడిచింది."

"మరి నువ్వేం చేశావు?"

"మొదటిసారి నేను పాడుచేశాను. రెండోసారి గుడ్డలు పిండాను."

హాల్లోంచి నాన్న ఇటే చూస్తున్నాడు. ఆంటీలు ఏమనాలో తోచక నవ్వారు. త్రివేణి చెవులు వేడెక్కిపోయాయి. చేతులు వెనక్కి దాచుకుంది.

బెట్సీ ఆ చేతుల్లో ఒకటి పట్టుకుని ముందుకి లాగింది. గోళ్ళ సందుల్లో కాఫీ రంగు ఇంకా పోలేదు.

"గుడ్డలు పిండడమే కష్టం ఆంటీ" అంది బెట్సీ. "చూడండి."